నాలుగు ట్యాంకులు, ఆరు రుతువులు

ఖరగ్‌పూర్ నింపురాలో ఒక ఇంటి అరుగు మీద, చలి ముదిరిన ఒక సాయంత్రం జరిగిన వాదన ఇది. మావయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మేనల్లుడు బెంగళూరులో ఒక చిన్న బ్రూవరీలో బీరు తయారీ నేర్చుకుని, అదే పని ఈ ఊళ్ళో పెడతానని దిగాడు. నేను ఇద్దరికీ బంధువుని కాబట్టి ఏ పక్షమూ కాదని చెప్పుకోవచ్చు. ఎటు మొగ్గానో చదివితే మీకే తెలిసిపోతుంది. పేచీ మెనూ కాగితం దగ్గర మొదలైంది.

మావయ్య: నువ్వే చదువు. కళ్ళజోడు లోపలుండిపోయింది.

మేనల్లుడు: ఏడాది పొడుగునా ఉండేవి రెండు. గోధుమ బీరు, లాగర్. మిగతావి కాలాన్ని బట్టి మారతాయి. చలికాలం నొలెన్ గుర్ వేసిన నల్ల బీరు. ఫాల్గుణంలో ఇప్పపువ్వు. చైత్రంలో మామిడి. వానాకాలంలో బియ్యం బీరు, ఇక్కడి హాండియా పద్ధతిలో.

మావయ్య: చైత్రంలో ఏ మామిడి?

మేనల్లుడు: హిమ్‌సాగర్.

మావయ్య: ఒరే, చైత్రంలో చెట్టుకి ఉండేది కాయరా. ఉగాది పచ్చళ్ళోకి కోసుకుంటాం. హిమ్‌సాగర్ పండాలంటే జ్యేష్ఠం రావాల. నీ పండు ఏ చెట్టుది?

మేనల్లుడు: డబ్బాది. పోయినేడు పండు గుజ్జు తీసి సీలు వేస్తారు. ఎండ తగలగానే జనం మామిడి అడుగుతారు మావయ్యా. జ్యేష్ఠం దాకా వాళ్ళు ఆగరు, నా అద్దె అసలే ఆగదు.

మావయ్య: అయితే అది కాలం బీరు కాదు. కాలం పేరు తగిలించుకున్న బీరు.

మేనల్లుడు: కాలానికీ బీరుకీ చుట్టరికం నేను కలిపింది కాదు. జర్మనీలో బవేరియా వాళ్ళు 1553లో ఒక శాసనం చేశారు. సెప్టెంబర్ 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే బీరు చెయ్యాలి, ఎండాకాలం చెయ్యకూడదు. వేడికి పులిసి పాడైపోయేది మరి. అందుకని మార్చిలో కాస్త చిక్కగా, మత్తు ఒక పాలు ఎక్కువగా చేసి, నేలమాళిగల్లో చల్లగా దాచుకుని వేసవంతా తాగేవారు. మేర్జెన్ అంటారు దాన్ని, మార్చి బీరు. బెల్జియంలో రైతులైతే చలికాలంలో చేసి పెట్టుకుని ఎండల్లో పొలం కూలీలకు పోసేవారు.

మావయ్య: మంచి శాసనం. ఎండ చెప్పింది రాజు రాసుకున్నాడు. ఇప్పుడేదీ ఆ శాసనం?

మేనల్లుడు: ఇప్పుడెందుకు? 1870ల్లో లిండే అనే ఇంజనీరు మ్యూనిక్‌లోని ష్పాటెన్ బ్రూవరీకి చల్లబరిచే యంత్రం చేసిచ్చాడు. అప్పట్నుంచి ఏ నెలలో ఏ బీరైనా చేసుకోవచ్చు.

మావయ్య: అదీ! యంత్రం పెట్టి కాలాన్ని గుమ్మం బయటికి తోసేశారు. నూట యాభై ఏళ్ళయ్యాక నువ్వొచ్చి, ఆ కాలాన్నే డబ్బాలో కొనుక్కొచ్చి, గ్లాసుకి మూడొందలకి అమ్ముతానంటావు.

మేనల్లుడు: ఆ యంత్రం లేకపోతే ఈ ఊళ్ళో బీరే లేదు. గోధుమ బీరులో ఈస్టుకి 18 నుంచి 20 డిగ్రీలుండాలి. లాగర్‌కి 12 దాటకూడదు. వైశాఖంలో మీ వర్క్‌షాపు రేకుల కింద ఎంతుండేదో నువ్వే చెప్పు. ఆ వేడికి ఈస్టు తొందరపడిందంటే గ్లాసు ఎత్తగానే స్పిరిట్ వాసన ముక్కుకి కొడుతుంది. కంపెనీ రోజుల్లో దొరలు బీరుని ఇంగ్లండు నుంచి కలకత్తాకు ఓడల్లో మోసుకొచ్చింది ఊరికేనా? లండన్ రేవు పక్కన బో అనే చోట హాడ్జ్‌సన్ అని ఒకడుండేవాడు. ఓడ కెప్టెన్లకు అప్పు మీద పీపాలిచ్చేవాడు, వాళ్ళిక్కడ అమ్ముకునేవారు. నెలల తరబడి ప్రయాణం, భూమధ్యరేఖ రెండుసార్లు దాటాలి. హాప్స్ అనే చేదు పూలు దండిగా వేసిన లేతరంగు బీరు ఆ కుదుపుల్లోనే పక్వానికి వచ్చేది. ఇవాళ ప్రపంచమంతా ఐపీఏ అని తాగేది దాని సంతానమే. అందులో ఐ అంటే ఇండియా.

మావయ్య: పేరులో ఇండియా ఉందిగానీ పీపా దగ్గరికి ఇండియావోణ్ణి రానిచ్చారా? మన సంగతి చెప్తాను విను. ఈస్ట్ కోస్ట్ లైనులో ఇటు కటకం దాకా ఉన్న ముక్క 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఇక్కడ వర్క్‌షాపు లేచింది. ఆ పట్టాలెంబడే శ్రీకాకుళం, విజీనారం నుంచి మనోళ్ళు ఇటొచ్చి పడ్డారు. మా తాత టెక్కలి వైపు వోడు. వస్తా వస్తా చెట్టెక్కి కల్లు గీసే యాతోళ్ళని ఎంటబెట్టుకు రాలేదు గదా. ఇక్కడేటి దొరికితే అదే తాగేరు. ఎండల్లో తాడి, చలిలో ఖజూరు రసం, సంతలో హాండియా.

మేనల్లుడు: ఆ హాండియానే నేను మెనూలోకి తెస్తానంటున్నాను. నీకు నచ్చాల్సిన మాట అది.

మావయ్య: అది ఎలగవుతాదో ముందు చెప్పు, నచ్చేదీ మానేదీ తర్వాత చూద్దాం.

మేనల్లుడు: నువ్వు చూసినవాడివి, నువ్వే చెప్పు.

మావయ్య: అన్నం వండి చాప మీద ఆరబోస్తారు. చల్లారేక బాఖర్ బిళ్ళలు పొడిచేసి కలుపుతారు. బియ్యప్పిండిలోన అడివి వేర్లు, ఆకులు నూరి కలిపి ఎండబెట్టిన బిళ్ళలవి, సంతలోనే అమ్ముతారు. కుండలో కూరి మూతేస్తారు. ఎండల్లో రెండు మూడు రోజులు, చలిలో నాలుగైదు. ఎన్ని రోజులన్నది ఏ కాగితం మీదా ఉండదు. ఆ సంతాలీ ఆడమనిషి మూత తీసి వాసన చూస్తాది, అంతే. తర్వాత నీళ్ళు పోసి, పిసికి, వడగట్టి, సాల్ ఆకు దొన్నెలో పోసిస్తాది. తెల్లగా, పుల్లగా ఉంటాది. పక్కన మరమరాలో ఉడకేసిన శనగలో పెడతాది. రేపటికి మళ్ళీ అదే రుచి రాదు, ఎందుకంటే రేపు ఎండ వేరు.

మేనల్లుడు: ఆ కుండలో జరిగేది తెలిస్తే నీకింకా గౌరవం పెరుగుతుంది. బార్లీకి మొలక కట్టిస్తేనే అందులోని పిండి చక్కెరగా మారే గుణం వస్తుంది, రాగి మాల్టుకి మనం కట్టించినట్టే. వండేసిన అన్నానికి ఆ గుణం లేదు. బాఖర్‌లో ఉన్న బూజు ఆ పని చేస్తుంది. అదే సమయంలో ఈస్టు ఆ చక్కెరని మత్తుగా మారుస్తుంది. లాక్టిక్ బాక్టీరియా పులుపు చేరుస్తుంది. మా బీరులో ఇవి రెండు పాత్రల్లో, ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. అక్కడ ఒకే కుండలో అన్నీ ఒకేసారి. జపాన్ వాళ్ళ బియ్యం మద్యం సాకేదీ ఇదే దారి. వాళ్ళు కోజి అనే బూజుని వాడతారు, దాని మీద పుస్తకాలూ కంపెనీలూ ఉన్నాయి. మనకున్నది సంతలో అల్యూమినియం డేక్సా.

మావయ్య: చట్టంలోన కూడా దానికి బీరు కింద చోటు లేదని మా యూనియన్ లాయరు చెప్పేవోడు.

మేనల్లుడు: నిజమే. 1909 బెంగాల్ ఎక్సైజ్ చట్టం దాన్ని పచ్‌వాయి అని విడిగా పెట్టింది. ధాన్యం పులిసినదే, అయినా బీరు ఒక గడిలో, పచ్‌వాయి ఇంకో గడిలో. తాడిది మూడో గడి.

మావయ్య: దొర తాగితే ఒక పేరు, సంతాల్ తాగితే ఇంకో పేరు. సరే, నువ్వు చేసే బియ్యం బీరు ఏ గడిలోకి పోతాది?

మేనల్లుడు: బీరులోకే. బార్లీ మాల్టు కొంత, బియ్యం కొంత. బెంగళూరు బ్రూవరీ టాయిట్‌లో బాస్మతి బ్లాండ్ అని పోస్తారు, బాస్మతి బియ్యం వేసి. జనం ఎగబడి తాగుతారు. నేను ఇంకో అడుగు వేస్తాను. బాఖర్‌లోంచి బూజునీ ఈస్టునీ విడదీసి, ల్యాబులో పెంచి, స్టీలు ట్యాంకులో వేస్తాను. ప్రతి వారం అదే రుచి.

మావయ్య: ఆ బూజు ఎవలిదిరా?

మేనల్లుడు: బూజు ఎవరిదేమిటి?

మావయ్య: అడివిలోకి పోయి ఏ వేరు తవ్వాలో, ఏ ఆకు ఎంత నూరాలో వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న మనిషి ఒకర్తుంది. నువ్వు ఒక్కసారి పది బిళ్ళలు కొంటావు. ల్యాబులో పెంచుకుంటావు. మళ్ళీ ఆ సంత మొహం చూడక్కర్లేదు నీకు. నువ్వు గ్లాసు మీద సంతాలీ డప్పు బొమ్మేసి మూడొందలకి అమ్ముతావు, ఆమె దొన్నె ఇరవైకి అమ్ముకుంటాది. అవునా కాదా?

(మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. కాలం, కుండ అంటూ మావయ్య చెప్పేదాంట్లో పాతకాలం మోజు కొంత ఉందని నాకు అనిపిస్తూనే ఉంది. ఈ ప్రశ్న మాత్రం మోజు కాదు. చిన్న బ్రూవరీలన్నీ గొప్పగా చెప్పుకునే స్థానిక రుచి అన్న మాటని ఒక్కసారి తిరగేసి చూపించింది.)

మేనల్లుడు: నువ్వన్నది సగం ఒప్పుకుంటాను. మిగతా సగం విను. ఆ మనిషి తెల్లారి చేసినది సాయంత్రానికి అమ్ముడవ్వాలి. మర్నాటికి పులుపు పెరిగిపోతుంది. వాన పడి సంత జరగలేదనుకో, కుండ ఒలకబోసుకోవడమే. ఎక్సైజ్ వాడొస్తే డేక్సా ఎత్తుకుని పరిగెత్తాలి. వాళ్ళమ్మాయి ఆ పని చేస్తానంటుందా? నువ్వు ముచ్చటపడే ఆ కాలం ఆమెకి నష్టం. నా దగ్గర చల్లగా ఉండే గది ఉంది. బిళ్ళలు ఆమె దగ్గరే నెలనెలా కొంటాను, ల్యాబులో పెంచను. సరేనా?

మావయ్య: ఎంతకి?

మేనల్లుడు: సంత ధర కన్నా ఎక్కువకి.

మావయ్య: ఎంత ఎక్కువ అని అడుగుతన్నాను.

మేనల్లుడు: లెక్క వేసి చెప్తాను.

మావయ్య: లెక్క మెనూ కన్నా ముందు వెయ్యాల్సిందిరా.

ఈ లెక్క ఆ రోజు తేలలేదు. వాదన ఖజూరు రసం మీదికి మళ్ళింది. మనం ఈతచెట్టు అనేదాన్ని బెంగాలీలు ఖేజూర్ అంటారు. మన వైపు ఈతకల్లు తాగుతాం. ఇక్కడ రసాన్ని కాచి బెల్లం చేస్తారు, చలికాలం మొదట్లో వచ్చే ఆ కొత్త బెల్లమే నొలెన్ గుర్.

మావయ్య: చెట్టు గీసేవోణ్ణి ఇక్కడ శివులీ అంటారు. రోజూ గియ్యడు. చెట్టుకి మూడ్రోజులు విశ్రాంతిచ్చి మళ్ళీ గీస్తాడు. ఆ మొదటి రాత్రి రసాన్ని జిరేన్ కాట్ అంటారు. తెల్లారక ముందు కుండ దింపినప్పుడు తాగితే, ఆ చలికి పళ్ళు జివ్వుమంటాయి. ఎండెక్కేకొద్దీ పులుపు, పులుపెక్కేకొద్దీ మత్తు. ఒక్క పూటలో మూడు పానీయాలు. నీ నల్ల బీరులో ఏ పూట ఉంటాది?

మేనల్లుడు: పచ్చి రసం మాత్రం నేను ముట్టను, నువ్వూ మానెయ్. రాత్రి ఆ కుండ మీద గబ్బిలాలు వాలతాయి. బంగ్లాదేశ్‌లో నిపా వైరస్ ఆ పచ్చి రసం దారినే మనుషులకి సోకిందని తేలింది. మన బెంగాల్లో 2001లో సిలిగురిలో, 2007లో నదియాలో నిపా వచ్చింది. కాచిన బెల్లంతో ఆ భయం లేదు. నేను మరిగే మాల్టు రసంలో వేస్తాను, ఇంకా నయం.

మావయ్య: కుండ మూతికీ గీత మీదా తడిక కట్టే శివులీలున్నారు.

మేనల్లుడు: కట్టనివాళ్ళూ ఉన్నారు. అది కాచిందా, మూసిందా, పరీక్షించిందా అన్నది తాగేవాడికి తెలియాలి. 2011లో సంగ్రాంపూర్‌లో కల్తీ సారా తాగి వందమందికి పైగా చచ్చిపోయారు.

మావయ్య: దాన్నీ దీన్నీ ముడెయ్యకు. అది విషం కలిపిన సారా. హాండియా తాగి అలగ ఊళ్ళు ఖాళీ అయిన కత నాకు చెప్పు చూద్దాం.

మేనల్లుడు చెప్పలేకపోయాడు. అక్కడ మావయ్యదే పైచెయ్యి. కానీ పచ్చి రసం విషయంలో ఆయన తెల్లవారుజాము కవిత్వం కన్నా కుర్రవాడి జాగ్రత్తే నాకు నచ్చింది. ఈలోగా అత్త గుమ్మంలోకి వచ్చింది. ఆమె పుట్టిల్లు పలాస దగ్గర పల్లె.

అత్త: ఇందాకట్నుంచి వింటన్నాను. కుండ మంచిదా ట్యాంకు మంచిదా అని ఇద్దరూ కొట్టుకుంటన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్ళు సారా కొట్టు మూయించేరు. అది రాష్ట్రమంతా పాకింది. మరుసటేడు సారా పోయింది, 95లో ఎన్టీ రామారావు మొత్తం మద్యమే ఆపేసేడు. రెండేళ్ళకి మళ్ళీ తెరిచేసేరు, అది వేరే సంగతి. అక్కడ మా అక్కచెల్లెళ్ళు ఆ రెండేళ్ళూ కంటినిండా పడుకున్నామని ఉత్తరాలు రాసేవారు. మాకిక్కడ ఏ రామారావూ రాలేదు. జీతం రోజు సాయంత్రం ఈ వీధిలో ఎన్ని ఇళ్ళ దగ్గర కేకలు వినపడేవో మీ మావయ్యని అడుగు.

మేనల్లుడు: అత్తా, సారా వేరు, ఇది వేరు. అయిదు శాతం మత్తు. అంత ధర పెట్టి ఎవరూ పీపాలు తాగరు.

అత్త: ధర ఎక్కువైతే తాగడం తగ్గుతాదేటి, ఇంట్లోకి వచ్చేది తగ్గుతాది. ఖరీదైన గ్లాసు తాగేవోడి పెళ్ళాం ఏడవదని నీకెవరు చెప్పేరు?

మేనల్లుడు: మరి మానేసి ఏం చెయ్యమంటావు? హైదరాబాద్‌లో 2023లో ప్రభుత్వమే నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. గీత కార్మికులకి ఒక దారి చూపించడానికి.

అత్త: నీరా మత్తెక్కదు గదా. అది పెట్టు, నేనూ వస్తాను.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నిజానికి ఈ వాదనలో అందరికంటే సూటిగా మాట్లాడింది ఆమే. మిగిలిన ఇద్దరూ ఆ మాటకి జవాబు చెప్పకుండానే మళ్ళీ మెనూ కాగితం అందుకున్నారు. మగవాళ్ళ మందు చర్చలు ఎప్పుడూ ఇలాగే సాగుతాయి.

మావయ్య: వానాకాలం బియ్యం బీరన్నావు. ఎందుకు?

మేనల్లుడు: ఆ నెలల్లో పళ్ళేవీ దొరకవని.

మావయ్య: ఆషాఢ, శ్రావణాల్లో పల్లెలో గాదె అడుగంటి ఉంటాది. తినడానికే బియ్యం వెతుక్కునే రోజులు, పులియబెట్టేది ఎవడు? కొత్త ధాన్యం వచ్చేది మార్గశిరంలో. పంట ఇంటికొచ్చేక సంతాలోళ్ళు సొహరాయ్ చేస్తారు, పశువులకి పూజ. హాండియా ముందు దేవుడికి పోసి, అప్పుడు తాము తాగుతారు. ఫాల్గుణంలో సాల్ చెట్టు పూసినప్పుడు బాహా, దానికీ అంతే. బియ్యం బీరు పండగది. నువ్వేమో దాన్ని ఖాళీ నెలల్లో గడి నింపడానికి పెట్టేవు.

మేనల్లుడు: అయితే చలికాలంలో రెండూ పడతాయి, నొలెన్ గుర్, బియ్యం. వానాకాలం గడి ఖాళీ.

మావయ్య: ఖాళీగా ఉంచు.

మేనల్లుడు: మావయ్యా, నాకున్నవి నాలుగు ట్యాంకులు. రెండిట్లో ఎప్పుడూ ఉండేవి. గోధుమ బీరుకి రెండు మూడు వారాలు, లాగర్‌కి నెలన్నర దాకా ట్యాంకు కదలదు. మిగిలిన రెండిట్లో కాలం బీర్లు తిరగాలి. ఒకటి రెండు నెలలు ఖాళీగా నిలబెడితే బ్యాంకువాడు వాయిదా ఆపుతాడా?

మావయ్య: ఫాల్గుణంలో ఐఐటీ కుర్రోడెవడో వచ్చి నొలెన్ గుర్ది ఇమ్మంటే?

మేనల్లుడు: బెల్లం నిలవుంటుంది, చేసిస్తాను.

మావయ్య: ఆ బెల్లానికి అప్పటికి వాసనుండదు. వాసన పోయిన నొలెన్ గుర్ కన్నా మామూలు బెల్లం చవక. అయిపోయింది అని చెప్పగలవా?

మేనల్లుడు: చెప్తే ఫోన్లో తిట్టిపోస్తాడు.

మావయ్య: తిట్టనీ. మన స్టేషన్ ప్లాట్‌ఫారం 1072 మీటర్లు, ప్రపంచంలో మనదే పొడుగని ఎన్నాళ్ళు చెప్పుకున్నాం? 2013లో గోరఖ్‌పూర్ వోడు పట్టుకుపోయేడు, వాడి దగ్గర్నుంచి 2023లో హుబ్బళ్ళి వోడు. రైళ్ళు ఆగడం మానేసేయా? కోల్‌కతా తోప్సియాలో గ్రిడ్ అని ఒక చోట అక్కడే బీరు చేసి పోస్తారని నువ్వే చెప్పేవు. అక్కడికి పోగలిగినోడు అక్కడే తాగుతాడు. ఈ ఊరికి వచ్చి నీ దగ్గర కూర్చున్నోడికి, కోల్‌కతాలో దొరకనిది ఒక్కటైనా ఉండాల. అయిపోయింది అన్న బోర్డు అక్కడ దొరకదు.

మేనల్లుడు పెన్సిలు తీశాడు. ఒప్పుకున్నట్టు కాదు, లెక్క మార్చి చూసుకుంటున్నట్టు. చైత్రం పక్కన హిమ్‌సాగర్ కొట్టేసి పచ్చిమామిడి అని రాశాడు.

మేనల్లుడు: పచ్చికాయని నిప్పుల మీద కాల్చి, గుజ్జు తీసి, ఉప్పుతో వేస్తే? ఇక్కడివాళ్ళు ఆమ్ పోడా షర్బత్ చేసుకుంటారు కదా.

మావయ్య: బీరులో ఉప్పేటిరా?

మేనల్లుడు: జర్మనీలో గోస్లార్, లైప్‌జిగ్ వైపు పాతకాలం నుంచీ ఉంది, గోజె అంటారు. గోధుమతో, పుల్లగా, ఉప్పగా ఉంటుంది.

మావయ్య: అయితే కొంచెం కారం కూడా తగిలించు, నేనొక గుక్క చూస్తాను. వానాకాలానికి ఏటి రాస్తన్నావు?

మేనల్లుడు: రాయలేదు. నువ్వు ఖాళీగా ఉంచమన్నావు కదా.

మావయ్య: భాద్రపదంలో తాటిపండు రాలతాది. బెంగాలోళ్ళు ఆ గుజ్జుతో బూరెలొండుకుంటారు. మనం కాల్చుకు తింటాం. ఆ పసుపు, ఆ వాసన... ఎవడైనా బీరులో వేసేడా?

మేనల్లుడు: నేనైతే వినలేదు. కానీ ఆ పీచు? చేత్తో పిసికితేనే సగం రోజు పడుతుంది. పైపుల్లో, వాల్వుల్లో ఇరుక్కుంటే ట్యాంకు మొత్తం విప్పాలి.

మావయ్య: విప్పాలంటే ఫిట్టరు కావాల.

మేనల్లుడు: నువ్వొస్తావా?

మావయ్య: రోజుకి ఎంతిస్తావో ముందు చెప్పు. బిళ్ళల లెక్కలాగ తర్వాత చెప్తానంటే మాత్రం రాను.